నాయనమ్మ సబ్బు వాసన

మా నాయనమ్మ జీవితమంతా ఎండుచేపల గంపతో టెక్కలి సంతకు తిరిగింది. బస్సులో ఎంత ఖాళీ ఉన్నా వెనక మెట్ల దగ్గరే నిలబడేది. ఆవిడ ఎక్కగానే ముక్కులు మూసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. తను మాత్రం ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదు.

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది, గుజరాత్ పడవల మీద పనికెళ్లిన నాన్న ఏడాదిన్నర తర్వాత వస్తున్నాడు. పలాస స్టేషన్‌కి తనే ఎదురెళ్తానని నాయనమ్మ పట్టుబట్టింది. ఆ రోజు గంప ముట్టుకోలేదు. సబ్బుతో రెండుసార్లు స్నానం చేసి, పెట్టెలోంచి కొత్త చీర తీసి కట్టుకుంది.

"ఇయ్యాల సీట్లో కూకుంటానే గుంటా," అంది. డిగ్రీ చదువుతున్న నేను తోడు వెళ్లాను.

టెక్కలిలో బస్సెక్కాం. ఎప్పుడూ మూడో మనిషికి జరిగి చోటిచ్చే సీట్లలో ఒక్కొక్కరే కూర్చున్నారు, పక్కన సంచులు పెట్టుకుని. అందరి ముక్కులకీ జేబురుమాళ్లు, తువ్వాళ్లు, చీర కొంగులు. నాయనమ్మ ముఖం చిన్నబోయింది. చక్కా వెనక్కిపోయి నిలబడింది.

"కొత్త జొరమొచ్చిందే నాయనమ్మా. దగ్గితే అంటుకుంటాదని కట్టుకున్నారు. నీ గురించి కాదు."

"నాకు సెప్పకు. ఎంత తోముకున్నా పోలేదు," అంది.

మొండిమనిషి, వింటేనా! నందిగాం దాటేదాకా తన అరచేతులు తనే వాసన చూసుకుంది. నాకు ఆవిడ మీద కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

పలాసలో రైలాగింది. నాన్న దిగాడు, ముక్కూ నోరూ కలిపి తువ్వాలు చుట్టుకుని. ఎదురు పరిగెత్తబోయిన నాయనమ్మ ఆగిపోయింది.

"నువ్వూనేట్రా?"

నాన్న తెల్లబోయాడు. బస్సులో సంగతంతా నేను గబగబా చెప్పాను. వెంటనే తువ్వాలు పీకేసి, వాళ్లమ్మను దగ్గరికి లాక్కుని, మెడలో ముఖం పెట్టి గట్టిగా ఊపిరి పీల్చాడు.

"ఇదేటమ్మా, సబ్బు వాసనొత్తన్నావు? మాయమ్మవేనా నువ్వు?"

నాయనమ్మ కొడుకు వీపు మీద ఒక్కటిచ్చి, ప్లాట్‌ఫాం మీదే బావురుమంది.

తిరుగు బస్సులోనూ అందరూ ముక్కులు కట్టుకునే ఉన్నారు. నాయనమ్మ ఒకాయన ముందు నిలబడి, "సంచి తియ్యి నాయినా," అంది. ఆయన తీశాడు. ఆవిడ బస్సులో కూర్చోగా చూడటం నాకదే మొదటిసారి.