తెల్లతొక్క రాయి

మా చిన్నత్తకి నవ్వొచ్చినా భయమే. "ఇంత నవ్వాం, ఏం మూడుతుందో" అంటుంది. మామయ్య బావులు తవ్వుతాడు. ఆయన అడుగున, ఆవిడ ఒడ్డున. వాళ్ళ కాపురం చాలా భాగం ఒక తాడుకి ఆ చివరా ఈ చివరా గడిచింది.

బుట్టలో పైకొచ్చిన రాయి ఏ జాతిదో చెప్పడం అత్త పని. సున్నపురాయి మీద యాసిడ్ చుక్క వేస్తే నురగలు కక్కుతుంది. అప్పుడు మామయ్య రాతిలో తొలిచిన రంధ్రంలోకి పేలుడు మందును ఇనుప గజంతో కూరుతాడు. పని చకచకా సాగుతుంది. చెకుముకిరాయి నురగదు. దానికి ఇనుము తగిలితే నిప్పు రాలుతుంది. అది కనబడితే ఎంత ఆలస్యమైనా కర్రతోనే కూరాలి.

ఆ మధ్యాహ్నం బుట్టలో బంగాళాదుంపల్లాంటి తెల్లటి గడ్డలొచ్చాయి. అత్త చుక్క వేసింది. బుసబుసా పొంగింది.

"సున్నమేనయ్యా. గజం దింపుతున్నా."

"దింపి నువ్వు కాస్త పక్కకి చూడవే. నీ చూపులకే మందు అంటుకునేట్టుంది" అన్నాడాయన, చెవుల్లో దూది కుక్కుకుంటూ.

గజం కిందికి చేరింది. అత్త గడ్డల్ని కుమ్మరిస్తుంటే ఒకటి పగిలింది. తెల్లదనం తొక్కమందమే. లోపల పొగరంగు, గాజు నునుపు. పగిలిన చోట గవ్వ లోపలిలా వంపు, అంచు చూస్తే కత్తి. చాకుతో గీసింది. రాయికి గీత పడలేదు. చాకే అరిగి దానిమీద బూడిదరంగు చార వదిలింది. ఇందాక పొంగింది పైతొక్కే, లోపలున్నది చెకుముకి.

కేక వేసింది. ఆయనకి వినబడలేదు. తాడు లాగబోయి ఆగిపోయింది. అది ఆయన నడుముకి కట్టి ఉంది, కుదిపితే చేతిలో గజం జారి రాయికి తగలొచ్చు. దుమ్ముకని తలకి చుట్టుకున్న గుడ్డ విప్పి కిందికి వదిలింది. అది తీరిగ్గా, గిరికీలు కొడుతూ దిగింది. గోడ అంచుకి తట్టుకుంది, మళ్ళీ కదిలింది. చివరికి ఆయన భుజం మీద వాలింది.

ఆయన తలెత్తాడు. అత్త రెండు చేతులూ అడ్డంగా ఊపింది. ఆయన గజాన్ని నిండు పాలగిన్నెలా పట్టుకుని, అత్త దింపిన బుట్టలో పెట్టాడు.

పైకొచ్చాక ఒడ్డున కూలబడి, "ఇందాక మందు కూరుతుంటే ఒక మెరుపు మెరిసిందే. ఆకలికి కళ్ళు బైర్లు కమ్మాయనుకున్నా" అన్నాడు.

అత్త పీపాలోని తాగేనీళ్ళు బిందెతో ముంచి బావిలో పోసింది. మందు తడిసి ముద్దయింది.

"చాల్లేవే. రేపు అవన్నీ తోడాల్సింది నేను."

అత్త ఇంకో బిందె ముంచింది.