శకటం ముందరి బంటు

సిద్దిరాములుది బోథ్ దగ్గరి పల్లె. వాన మీద పండే కొద్దిపాటి చెలక ఇద్దరన్నదమ్ములకు చాలేది కాదు. మందమర్రిలో కొత్తగా బొగ్గుబావులు తవ్వుతున్నారని తెలిసి అన్న అంతయ్య ముందు వెళ్ళాడు. ఏడాది తిరక్కుండానే తమ్ముణ్ణి కూడా పిలిపించుకున్నాడు. ఇద్దరిదీ ఒకటే పని: బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కలప దిమ్మెలు నిలబెట్టడం.

ఒకనాడు పొద్దుటి షిఫ్టులో కప్పు చిటపటలాడింది. దిమ్మె పొడవు ఎక్కువైందని, చెక్కడానికి గొడ్డలి తెమ్మని అంతయ్య తమ్ముణ్ణి వెనక్కి పంపాడు. గొడ్డలి పట్టుకుని తిరిగి వచ్చేసరికి అన్న నిలబడ్డ చోట బండరాళ్ళు ఉన్నాయి.

శవం బయటపడేదాకా సిద్దిరాములు అందరితోపాటు రాళ్ళు తీశాడు. వదినె యాదవ్వకు కబురు తానే చెప్పాడు. కట్టెలు తెచ్చాడు, కొరివి పెట్టాడు, దినాలు చేశాడు. ఏడుపు మాత్రం రాలేదు. రేపు వస్తుందిలే అనుకున్నాడు. మర్నాడూ రాలేదు. కొన్నాళ్ళకు యాదవ్వ చెలక చూసుకుంటానని ఊరికి వెళ్ళిపోయింది. రైలెక్కించి వచ్చి అన్నం తిని పడుకున్నాడు. అన్నం రుచి తెలియలేదు, నిద్ర పట్టిందో లేదో తెలియలేదు.

మళ్ళీ బావిలోకి దిగడానికి అతను ఒప్పుకున్నాడు గాని, తోటివాళ్ళే దిగనివ్వలేదు. పెద్దసారుతో మాట్లాడి పైన లాంపు రూములో పనిప్పించారు. దిగేవాళ్ళకు దీపాలు ఇవ్వడం, ఎక్కినవాళ్ళ దగ్గర తీసుకోవడం. ఎవరి దీపమైనా తిరిగి రావడం ఆలస్యమైతే పక్కనున్నవాళ్ళకు గుండె దడదడలాడేది. అతనికి ఏమీ అయ్యేది కాదు.

ఆ రోజుల్లోనే కార్మికుల క్లబ్బులో రామచంద్రం పరిచయమయ్యాడు. కరీంనగర్ వాడు, సర్వే ఆఫీసులో బావుల పటాలు, నక్షలు గీసేవాడు. చదరంగమంటే ప్రాణం. ఎదుట కూర్చునేవాడు దొరక్క సిద్దిరాముల్ని కూర్చోబెట్టుకుని ఎత్తులు నేర్పాడు. ఊరికే కూర్చోవడం కన్నా నయమని సిద్దిరాములు నేర్చుకున్నాడు.

ఒక ఆదివారం రామచంద్రం నల్లపావులతో ఒక వింత ఎత్తు చూపించాడు. తెల్లపావులవాడు రాజు ముందరి బంటును నడిపితే మనమూ నడుపుతాం. అతని గుర్రం వచ్చి మన బంటు మీద కన్నేస్తుంది. ఎవరైనా అప్పుడు ఆ బంటును కాచుకుంటారు. ఈ ఆటలో కాచుకోరు. మన రాజు పక్కనున్న శకటం ముందరి బంటును రెండు గళ్ళు ముందుకు తోసి ఎదురు దెబ్బ తీస్తారు. దాంతో రాజు పక్క గోడ పడిపోయినట్టే. తెల్ల మంత్రి ఒక్క ఉరుకున వచ్చి రాజుకు షా, అంటే చెక్, చెబుతాడు. మనం ఏనుగును కూడా వదిలేస్తాం. దాన్ని తినడానికి మూలకు పోయిన మంత్రి అక్కడ చిక్కుకుంటే ఆట మనది. చిక్కకపోతే అంతే సంగతులు.

"గీ ఆట నేనైతే ఆడను. నాకు భయం," అన్నాడు రామచంద్రం.

"జర మల్ల చూపించు సారూ," అన్నాడు సిద్దిరాములు.

ఆనాటి నుంచి నల్లపావులు వస్తే అతను అదే ఆడేవాడు. క్లబ్బులో చుట్టూ మూగేవాళ్ళు. రాజు ఆరుబయట నిలబడి ఉంటే చూసేవాళ్ళకే చెమటలు పట్టేవి, అతని ముఖంలో మాత్రం ఏ మార్పూ ఉండేది కాదు. ఎదుటివాళ్ళు బెదిరి తప్పు చేసేవాళ్ళు. ఎంత గుండె ధైర్యమో అని అందరూ మెచ్చుకునేవాళ్ళు.

అది ధైర్యం కాదని భార్య భూమవ్వకు తెలుసు. కొడుక్కు జ్వరం వచ్చి ఒళ్ళు కాలిపోతుంటే అతను భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తాడు, మందు తెచ్చాడు, తడిగుడ్డ వేశాడు. అన్నీ చేశాడు. భూమవ్వ అతని ముఖం చూసి, "పోరడు పోతడేమోనని నాకు పానం కొట్టుకుంటుంది. నీకేం కాలేదా?" అని అడిగింది. కాలేదని నిజమే చెప్పాడు. పిల్లవాడు కోలుకున్నాక కూడా ఆమె చాలా రోజులు అతనితో మాట్లాడలేదు.

అరవై ఆరులో కరీంనగర్‌లో చదరంగం పోటీలు పెట్టారు. రామచంద్రం పట్టుబట్టి తీసుకుపోయాడు. పెద్దపల్లిలో రైలు దిగి బస్సెక్కారు. మొదటి రెండు ఆటలూ సిద్దిరాములు గెలిచాడు. మూడో ఆటలో ఎదుట ఖాదర్ సాబ్ కూర్చున్నాడు. సర్కారు కచేరీలో పనిచేసి పింఛను తీసుకుంటున్న ముసలాయన. సిద్దిరాములు బంటును తోయగానే ఆయన కళ్ళద్దాలు సవరించుకుని నవ్వాడు.

"గంత దబ్బున దర్వాజ తెరుస్తవేంది బేటా? ఇంట్ల ఎవ్వరు లేరా?"



ఖాదర్ సాబ్ మంత్రిని ఉరికించలేదు. షా చెప్పలేదు, ఏనుగు జోలికి రాలేదు. గుర్రానికి గుర్రాన్ని మార్చుకుని, దొరికిన ఒక్క బంటుతో తృప్తిపడి మెల్లగా ఇల్లు సర్దుకున్నాడు. కూలుతుందనుకున్నది కూలలేదు. ఇక చేయవలసింది ఒక బంటు తక్కువతో గంటల తరబడి కాచుకుని కూర్చోవడమే. అది సిద్దిరాములుకు చేతకాలేదు. కాచుకోవలసిన చోట మళ్ళీ మళ్ళీ బంటును ముందుకు తోశాడు.  పొద్దు వాలేవేళకు ఓడిపోయాడు. ఖాదర్ సాబ్ లేచి అతని భుజం తట్టి వెళ్ళాడు.

తిరుగు ప్రయాణంలో పెద్దపల్లి స్టేషన్‌లో రామచంద్రం ఓదార్పు మాటలు ఏవో చెబుతున్నాడు. సిద్దిరాములు మధ్యలో అడ్డుతగిలి, "సారూ, ఆకలైతుంది," అన్నాడు. అని తానే ఆశ్చర్యపోయాడు. అన్న పోయాక ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. మిరపకాయ బజ్జీలు తిన్నాడు. కారానికి నోరు మండింది.

పత్తి ఏరే కాలం వచ్చాక సెలవు పెట్టి ఊరికి వెళ్ళాడు. అన్న పోయిన తర్వాత అటువైపు పోవడం అదే మొదటిసారి. యాదవ్వ చెలకలో ఉంది. మరిదిని చూసి ఆశ్చర్యపోలేదు, ఎందుకు రాలేదని అడగలేదు. నడుముకు కట్టుకునే జోలె ఒకటి ఇచ్చింది. ఇద్దరూ సాలు పక్క సాలు పట్టుకుని ఏరారు. ఎండ ఎక్కాక గట్టు మీద కూర్చుని జొన్నరొట్టె తిన్నారు.

"వదినే, నాకు ఇప్పటిదాక ఏడుపు రాలే," అన్నాడు అతను.

యాదవ్వ తన రొట్టెలో సగం తుంచి అతని చేతిలో పెట్టింది.

"నాకు సుత రాలే, రాములూ. జనం చూస్తుండ్రని గట్టిగ మొత్తుకున్న గని, లోపల్నుంచి రాలే."

తర్వాత ఆమె నీళ్ళ ముంత అందించింది. అతను తాగాడు. ఇంకా నాలుగు సాళ్ళు మిగిలి ఉన్నాయని లేచింది. అతనూ లేచాడు. ఆ ఏడాది పత్తి అయిపోయేదాకా అక్కడే ఉన్నాడు. తర్వాత ప్రతి ఏడాదీ ఆ రోజులకు భూమవ్వనూ పిల్లవాణ్ణీ వెంటబెట్టుకుని వెళ్ళేవాడు.