ఊడిరాని పళ్ళకట్టు

1926లో కలకత్తాలో దంతవైద్యం నేర్చుకుని వచ్చి, అప్పటి గంజాం జిల్లా టెక్కలిలో ఒక గది అద్దెకు తీసుకుని బోర్డు తగిలించాను. ఆ చుట్టుపక్కల పళ్ళు పీకేవాళ్ళే తప్ప కట్టేవాళ్ళు లేరు. దాంతో నాకు పట్టిన పొగరు ఇంతా అంతా కాదు.

రెండో ఏడు కంచిలి వైపునుంచి కూర్మమ్మ వచ్చింది. కొబ్బరితోట ఉన్న రైతు ఇంటి మనిషి. పైదవడలో ఆమెకు మిగిలినవి రెండు కోరపళ్ళే. తక్కిన పళ్ళ చోట బరంపురంలో ఎవరో చేసిన గట్టి రబ్బరు కట్టు ఉండేది. దాన్ని కోరపళ్ళకు పట్టి ఉంచే రెండు తీగ కొక్కేల్లో ఒకటి వదులైంది.

"కూసింత నొక్కీ బాబూ, సాలు," అంది.

ఇది పళ్ళకట్టా, ఎద్దుకు వేసిన ముక్కుతాడా అని వెటకారం చేశాను. నేను నేర్చిన పని వేరు. ఆసరా పంటిని అరగదీసి, సన్నని గాడి ఉన్న బంగారు తొడుగు వేస్తారు. కట్టుకు అతికిన లోహపు ముక్క ఆ గాడిలోకి జారి బిగుస్తుంది. రెండు గాడులూ ఒకే వాలులో ఉండాలి. జిల్లాలో ఈ పని చేసిన మొదటివాణ్ణి అనిపించుకోవాలని, పుచ్చు జాడైనా లేని ఆ రెండు కోరపళ్ళనూ అరగదీశాను.

"ఊడతాదా బాబూ?" అని అడిగింది.

భయపడుతోందనుకుని, లాగినా ఊడదని గొప్పగా చెప్పాను.

మూడు నెలలకు చెంప వాచి తిరిగొచ్చింది. కట్టు వంగి గాడుల్లో ఇరుక్కుంది. కోరపళ్ళు రెండూ ఊగుతున్నాయి. అంగిలి నిండా పొగమసి. అప్పుడు వెలిగింది నాకు: అడ్డపొగ. కంచిలి చుట్టుపక్కల ఉద్దానం ఆడవాళ్ళు చుట్టను నిప్పు కొస నోట్లోకి పెట్టుకుని కాలుస్తారు. పాత కట్టునైతే నాలుకతో తోసి, ఒళ్ళో పెట్టుకుని, చుట్ట ముట్టించేది. నాది రాలేదు గనక ఉంచుకునే కాల్చింది. వేడికి రబ్బరు వంగింది. తీగైతే దాంతోపాటు సాగేది. నా గాడి సాగలేదు. ఒత్తిడంతా పళ్ళమీద పడింది.

వెంట వచ్చిన ఆడపడుచు పకపకా నవ్వింది. "ఏటి వదినా, డాట్రుబాబు నీ నోటికి తాళమేసినాడేటి?"

"ఏసినాడు గానీ సెవి మర్సిపోనాడు. నువ్వూరుకోయే," అంది కూర్మమ్మ.

అడ్డపొగ సంగతి ముందే చెప్పొద్దా అని కసిరాను.

"నువ్వడిగినావేటి? ఈ పక్క పుట్టినోడివే కదా!"

అడగలేదు. తెలియక కాదు. మా అమ్మ బతికినన్నాళ్ళూ అడ్డపొగే తాగింది. కలకత్తా వెళ్ళొచ్చాక ఆ మాట పలకడమే నాకు నామోషీ అయింది.

కట్టును లాగితే దాంతోపాటు కోరపళ్ళు రెండూ ఊడివచ్చాయి. ఇక తీగ తగిలించడానికి కూడా ఆమె పైదవడలో పన్ను లేదు.

ఆ తర్వాత వైద్యం మానేదాకా, నోటి అచ్చు తీసేముందు ప్రతి మనిషినీ చుట్ట కాలుస్తావా, నిప్పు ఎటు పెడతావు అని అడిగాను. తీగ నొక్కమని వచ్చినవాళ్ళకు తీగే నొక్కి పంపాను.