బావిలోకి కొత్త చేపలు

మనవరాలు కొత్త చేపలున్న సంచిని అక్వేరియం నీళ్లలో తేలనిచ్చి పక్కనే కూర్చుంది. వెంటనే వదిలితే చచ్చిపోతాయట.

పురుగు పట్టకుండా మన బావుల్లో చేపపిల్లల్ని వేసేవాళ్లు, గుర్తుందా? అరవైల చివర్లో, చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో ఓ రోజు, సంత నుంచి తెచ్చిన చేపల కుండలో అమ్మ కాసిని కాసిని బావినీళ్లు పోస్తోంది.

"వొంపీనా అమ్మా?" అన్నాను.

"ఒసే, ఆగు. కొత్త నీరు అలవాటవ్వాల."

పాతపట్నం నుంచి ముందురోజే కాపురానికొచ్చిన వదిన, వంటింటి పొగలోంచి కళ్లు తుడుచుకుంటూ అంది: "సేపలకిచ్చిన గడువు నాకియ్యనేదు కదత్తా!"

నాన్న నోట్లోంచి చుట్ట తీసి అమ్మ వైపు చూశాడు. అమ్మ లేచి లోపలికెళ్లింది.

"లెగు. నాలుగు దినాలు ఊరికే కూకో. పొయ్యి నాను సూస్తాను."

వదిన బయటికొచ్చి నా పక్కన కూర్చుంది. ఆ చేపల్ని బావిలో వదిలింది ఆవిడే.