చవి చూడని చౌడు

మాది కదిరి దగ్గర ఒక పల్లె. పోయినేటి దాకా మాది మట్టి మిద్దె. దూలాల మీద బండలు, బండల మీద జానెడు మట్టి, ఆ మట్టి మీద చౌడు. కార్తీకంలో ముసురు పట్టకముందే ఏటా పాత చౌడు మీద కొత్త చౌడు పరిచి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టాలి. ఎండాకాలపు గాలివాన కొట్టి పోతుంది, దానితో అంత భయం లేదు. చలిగాలితో వచ్చే ముసురు మాత్రం మూడు రోజులు మిద్దె మీదే కూర్చుంటుంది. చౌడు బాగా పడితే తడికి మూసుకుపోయి ఒక్క బొట్టు దిగనివ్వదు.

మా ఇంట్లో ఆ పని అవ్వది, అంటే నాయన తల్లిది. వీధిలో ఒక్కొక్క ఇల్లే రేకులకు మారుతుంటే నాయనకు కూడా మనసు అటే పోయింది. అవ్వ ఒప్పుకోలేదు. రేకుల కింద ఎండాకాలం ఉడుకుతామని, చలికాలం కొయ్యబారిపోతామని ఆమె వాదన. పోయినేడు శెనక్కాయలు రాల్చి, మిగిలిన కట్టె వామి వేసిన మరుసటి రోజు ఇద్దరికీ మాటామాటా పెరిగింది.

"ఈ చలికాలం ఒక్క చుక్క కారినా మిద్దె ఇప్పించి రేకులేస్తా. అప్పుడు నువ్వు నోరెత్తగూడదు," అన్నాడు నాయన.

"కారకపోతే నేను బతికినన్నాళ్లూ రేకుల మాట నువ్వెత్తగూడదు," అంది అవ్వ.

"బాగుండాది. పందెం మీ ఇద్దరికీ, నెత్తిన నీళ్లు నాకు," అని అమ్మ పొయ్యి దగ్గర నుంచి నవ్వింది.

ఆ ఏడు అవ్వ మోకాళ్లు వాచాయి. చౌడు నేల దాకా నడవలేదు. డిగ్రీ అయిపోయి, పుస్తకం పట్టుకుని ఇంట్లో కూర్చున్న నన్ను పంపింది. పంపే ముందు నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"కంటితో సూస్తే మోసపోతావు పాపా. తెల్లగా ఉండేదంతా చౌడు గాదు. చిటికెడు నాలిక మీద ఏసుకో. ఉప్పగా సురుక్కుమనాల. సప్పగా ఉంటే ఆడే పారెయ్."

చౌడు నేల రోడ్డు పక్కనే, బస్సు ఆగే చోటికి ఎదురుగా ఉంటుంది. నాయన మోపెడ్ మీద పార, సంచులు వేసుకుని పోయాను. బస్సు కోసం అయిదారుగురు నిలబడి ఉన్నారు. వాళ్లలో నాతో చదివినవాళ్లు ఇద్దరు.

"ఏమ్మా, డిగ్రీ చేసి మన్ను తవ్వుతాండావే?" అన్నాడు ఒకడు. పక్కనున్న అమ్మాయి, "ఉండనీరా, ఉద్యోగం దొరికింది ఆయమ్మకు," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటా.

చిటికెడు మట్టి తీసుకున్నాను. వేళ్లు పెదవుల దాకా వచ్చాయి. వాళ్లు ఇంకా నా వైపే చూస్తున్నారు. ఈ పిల్ల మట్టి తింటోందని అనుకుంటారు. అంతే, మట్టి వదిలేసి వేళ్లు చున్నీకి తుడుచుకున్నాను. తెల్లగా కనబడిన చోట తవ్వి, తల ఎత్తకుండా సంచులు నింపాను. మళ్లీ మళ్లీ తిరిగి, మధ్యాహ్నానికి కావలసినంత చేరవేశాను. రెండో తిరుగుడుకే బస్సు వెళ్లిపోయింది. అప్పుడైనా చవి చూసి ఉండవచ్చు. చూస్తే, అప్పటికే తెచ్చింది తప్పని తేలుతుందేమోనని చూడలేదు.

"చవి చూసినావా?" అని అడిగింది అవ్వ.

"చూసినా."

"ఎట్లుండాది?"

"ఉప్పగా."

కొత్తవాళ్లు పేరడిగితే కూడా తడబడతాను. ఆ అబద్ధం మాత్రం తడబడకుండా వచ్చింది. అవ్వ సంచిలో చెయ్యి పెట్టింది కానీ నోట్లో వేసుకోలేదు. "నువ్వు చూసినాక నేనెందుకులే," అంది.

రెండు రోజులు మిద్దె మీద పని చేసింది. నిచ్చెన ఎక్కడానికే ఆమెకు ఊపిరి అందలేదు. నిలబడలేక కూర్చునే జరుగుతూ, చౌడు సర్దుతూ, వాననీళ్లు కిందికి పోయే దోనె వైపు వాలు చూసుకుంటూ పోయింది. ఆమె చూపించిన చోటల్లా నేను దిమ్మిస వేశాను. "పుస్తకం పట్టుకున్నట్ల పట్టుకుంటే ఎట్ల? గట్టిగా ఎయ్!" అని కసిరింది. గట్టిగానే వేశాను. ఆ రెండు రోజులూ నేనంత ఒళ్లు వంచి పనిచేయడం చూసి అమ్మ ఆశ్చర్యపోయింది.

కార్తీకంలో ముసురు పట్టింది. మొదటి రోజు ఏమీ కాలేదు. అవ్వ కంబళి కప్పుకుని పైకి చూసి నవ్వుకుంది. రెండో రోజు మధ్యాహ్నం విత్తనకాయల మూటల మీద బొట్టు పడింది. కాసేపటికి ఇంకో మూల. సాయంత్రానికి ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నేల మీదే ఉన్నాయి, గోడల నిండా తెల్లటి చారలు. మూటలు లాగుతూ నాయన అరిచాడు.

"చెప్తే విన్యావా? చేతగానప్పుడు ఊరికే ఉండాల గదమ్మా!"

వాన తెరిపిచ్చాక పైకెక్కి చూసి, మట్టి మెత్తగా బురదై ఉందనీ, దిమ్మిస పడనే లేదనీ అన్నాడు. "నాకే శాతగాలేదు రా. రేకులే ఎయ్యి," అంది అవ్వ. నేను పక్కనే గిన్నెలో నీళ్లు పారబోస్తున్నాను. ఆ రోజు డైరీలో నాలుగు పేజీలు రాశాను. వాన చప్పుడు గురించి, చలి గురించి, తడిసిన కాయల వాసన గురించి. చౌడు గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు.

మిద్దె విప్పడానికి మనుషులు వచ్చే రోజు పొద్దున, అవ్వ ఒక్కతే ఉన్నప్పుడు చెప్పేశాను. చవి చూడలేదని, బస్సు దగ్గర వాళ్లు చూస్తున్నారని.

అవ్వ నా మొహం చూసి అడిగింది.

"సిగ్గుపడినావా?"

తల ఊపాను.

"మీ నాయనకు చెప్పినావా?"

"లేదవ్వా. ఇప్పుడే చెప్తా. పని ఆపిస్తా."

"వద్దులే. నన్ను అనేది అనేసినాడు. మళ్లా నిన్నెందుకు అనిపించుకునేది?" అని గోడ పట్టుకుని లేచి బయటికి పోయింది.

నాయన వాకిట్లోనే ఉన్నాడు. పది అడుగులు కూడా లేవు. అవ్వే వద్దంది కదా అనుకున్నాను. అలా అనుకోగానే గుండె తేలికైంది. చవి చూడకపోవడం కంటే, అబద్ధం చెప్పడం కంటే, ఆ తేలికపడటమే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంటుంది.

ఇప్పుడు రేకుల కింద ఉన్నాం. చలికి అవ్వ రెండు కంబళ్లు కప్పుకున్నా వణుకుతుంది. వీధిలో ఇంకా రెండు మట్టి మిద్దెలు మిగిలాయి. ఆ ఇళ్లవాళ్లు ఇదివరకు చౌడు వేయాలంటే అవ్వను పిలిచి చూపించుకునేవాళ్లు. ఈ ఏడు పిలవలేదు. ఇంటికెవరైనా వచ్చి రేకుల మాట ఎత్తితే నాయన నవ్వుతూ, "మా అమ్మ చేతి చౌడు రెండు రోజులు గూడా ఆగలేదప్పా, ఏం చేస్తాం," అంటాడు. అవ్వ నా వైపు చూడదు. కావాలనే చూడదు. నేను నీళ్లు తెస్తానని లోపలికి పోతాను. నిన్న కూడా పోయాను.