ఉడుము కోసం పట్టిన చోటు

వైటూకే పని మీద సింగపూర్ వచ్చిన కొత్తలో, ఒక ఆదివారం ఉడుముల్ని చూద్దామని పాసిర్ రిస్ మడ అడవికి వెళ్ళాను. నీటి పక్కన ఖాళీగా ఉన్న చెక్కమెట్టు మీద ఎవరో మరిచిపోయిన టిష్యూ ప్యాకెట్ కనిపించింది. అక్కడే కూర్చుని, ఒక టిష్యూ తీసి చెమట తుడుచుకున్నాను.

బైనాక్యులర్స్‌తో ఒక పెద్దావిడ వచ్చింది. తాతల నాడే విశాఖ నుంచి వచ్చిన కుటుంబమట. నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని, చివర సింగపూర్ వాళ్ళ 'లా' తగిలించి తెలుగులోనే అంది: "తంబీ, టిష్యూ పెట్టి చోప్ చేసినాను గదా. ఈ చోటు నాది లా."

చోప్ అంటే చోటు పట్టుకోవడమట; ఇక్కడ టిష్యూ ప్యాకెట్ ఎవరు పెడితే చోటు వాళ్ళదేనట. సిగ్గుపడి లేచి, ప్యాకెట్ మళ్ళీ అక్కడే పెట్టాను. ఆవిడ కూర్చునేలోపే నీళ్ళలోంచి ఆరడుగుల ఉడుము ఎక్కివచ్చి, ప్యాకెట్ మీద గడ్డం ఆనించి పడుకుంది. ఇద్దరం వెనక్కి జరిగి అరగంట నిలబడ్డాం.

"దాన్ని లేవమనరా ఆంటీ?" అన్నాను ఉక్రోషంగా.

"ఎట్లా అంటాను? టిష్యూ దాని దగ్గర ఉంది."