రసంలో చిటికెడు

కరోనా సద్దుమణిగి, పోదనూరులో కొట్లన్నీ మళ్ళీ నిండుగా తెరుచుకున్న ఏడాది అది. రైల్వే కాలనీ దారిలోని మా కిరాణా కొట్టులో ఒక అరను గ్లూటెన్ ఫ్రీ సరుక్కి కేటాయించాను. గ్లూటెన్ అంటే గోధుమలో, బార్లీలో ఉండే జిగురు పదార్థం. సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ళకు అది పేగును దెబ్బతీస్తుంది. సరుకు వేసే ఏజెంటు నవ్వాడు. "ఏంటికక్కా ఈ వేస్టు? మామూలు బిస్కెట్లు పెట్టు, పరిగెత్తతాయి" అన్నాడు. నా కొట్టు, నా ఇష్టం. పొమ్మన్నాను.

ఆ అర కోసమే కినత్తుకడవు నుంచి బస్సెక్కి వచ్చేది కల్యాణి. కొబ్బరి తోటలున్న ఇంటి కోడలు, బయట తమిళమైనా మా మాదిరే ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి. కూతురు నందినికి సీలియాక్ అని డాక్టరు తేల్చాడు. "ఇది నేను తినొచ్చా ఆంటీ, కంటిప్పా?" అని, తప్పకుండా తినొచ్చా అన్నట్టు అడిగి, ఆ పిల్ల బియ్యప్పిండి కుకీల ప్యాకెట్టు కొట్టులోనే చించేది. కళ్ళు మూసుకుని నమిలేది. చూస్తుంటే నాకే నోరూరేది.

అయినా నందిని కడుపునొప్పి తగ్గలేదు. ఒకరోజు కల్యాణి అత్తగారు రాజమ్మవ్వ, కోడల్నీ మనవరాల్నీ వెంటేసుకుని వచ్చి, విప్పని ప్యాకెట్లన్నీ నా బల్ల మీద గుమ్మరించింది.

"ఇవంతా నువ్వే పెట్టుకో అమ్మణ్ణి. చపాతీ ఆపినాం, పరోటా ఆపినాం. అన్నం, రసమే తింటా ఉండాది. అయినా కడుపులో వలి పోలేదు. డాక్టరు చెప్పింది సుద్ద అబద్ధం. రేపటినుంచి అందరం తినేదే ఇదీ తింటాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ గోధుమ పెడితే ఆ పిల్ల పేగు ఏమైపోవాలి?

"రసంలో ఏమేం వేస్తారవ్వా?" అన్నాను.

"చింతపండు, మిరియాలు, పెరుంగాయం. నాకే రసం నేర్పిస్తావా?"

"పాపకు నొప్పి వస్తే ఏమిస్తారు?"

"మజ్జిగలో ఇంకొంచెం పెరుంగాయం. మా అమ్మ నాకిచ్చిన మరుందు అదే."

పెరుంగాయం అంటే ఇంగువ. కడుపునొప్పికి మా ఇళ్ళన్నిటిలోనూ మొదటి మందు అదే. వాళ్ళింట్లో వాడే రకం ఏదో కల్యాణిని అడిగి, మామూలు సరుకుల్లోంచి ఆ డబ్బానే తీసి, వెనక లేబుల్ చూపించాను. కాంపౌండెడ్ ఇంగువ అది, అంటే అసలు ఇంగువలో పిండి కలిపి చేసేది. కలిపింది గోధుమపిండి. నొప్పి వచ్చినప్పుడల్లా ఆ పిల్లకు మందు పేరుతో మళ్ళీ గోధుమే తాగిస్తున్నారు.

"చిటికెడంతే కదా!" అవ్వ గొంతు పెంచింది. "మా తాతల కాలం నుంచీ తింటా ఉండాం."

"తినండవ్వా, మీకేం కాదు. ఈ పిల్లకు ఆ చిటికెడూ పడదు. కల్యాణీ, డాక్టరుకు ఫోన్ చెయ్యి. ఇప్పుడే, నా ముందరే."

అది కూడా ఆపాల్సిందేనని డాక్టరు చెప్పాడు. బియ్యప్పిండితో చేసిన ఇంగువ డబ్బా ఒకటి కల్యాణి సంచిలో పడేశాను.

"తగ్గకపోతే వచ్చి నా కొట్టు ముందర నిలబడి తిట్టండవ్వా."

"కంటిప్పా తిడతా" అని విసురుగా వెళ్ళిపోయింది.

తిట్టడానికి రాలేదు. కొన్ని నెలలకు వాళ్ళ కులదేవత విందుకు నన్ను పిలిచారు. నేను వెళ్ళేసరికి వంటమనిషి రసం అండా ముందర తన ఇంగువ డబ్బా మూత తీస్తున్నాడు. రాజమ్మవ్వ దాన్ని లాక్కుని తోటలోకి విసిరేసింది.

"అయ్యో పెద్దమ్మా, చిటికెడే కదా!" అన్నాడతను.

"ఆ చిటికెడే నా బిడ్డను పీక్కు తినింది రా!"

నందిని అందరితోపాటు బంతిలో కూర్చుని రసం మారడిగింది. బుగ్గలొచ్చాయి. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అప్పటినుంచి లేబుల్ మొత్తం చదవందే ఏ సరుకూ ఆ అరలో పెట్టను. ఇంత చాదస్తమైతే వ్యాపారం చేసినట్టేనని వెక్కిరిస్తారు. వెక్కిరించనీ. ఎంత కొంచెమైతే కొంచెమో చెప్పాల్సింది అమ్మే నేను కాదు, వండేవాళ్ళూ కాదు. అది ఎవరి కడుపులోకి పోతుందో వాళ్ళు.